పెద్దవి కాని అక్షరాలు

మా ఆఫీసులో కొత్త ఈమెయిల్ ప్రోగ్రాం పెట్టిన రోజు మధ్యాహ్నం దాకా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. నోరు తెరిస్తే, నాకు అక్షరాలు కనబడటం లేదన్న సంగతి బయటపడిపోతుందని భయం.

మాది పోర్టు దగ్గర ఒక చిన్న షిప్పింగ్ ఏజెన్సీ. బయట లంగరేసి ఉన్న ఓడలకి కావలసినవన్నీ మేమే చూస్తాం. తాగే నీళ్ళు, కూరగాయలు, మందులు, దిగే సిబ్బందికి పడవ, ఎక్కే సిబ్బందికి కాగితాలు. కెప్టెన్లు ఏది కావాలన్నా మెయిల్లోనే అడుగుతారు. ఇరవై ఏడేళ్ళుగా నేను ఆ డాక్యుమెంట్ల సెక్షన్లోనే ఉన్నాను. మేనేజర్లు మారారు, కంప్యూటర్లు మారాయి, నా కుర్చీ మాత్రం కిటికీ పక్కనే ఉండిపోయింది.

పాత ప్రోగ్రాంలో అక్షరాల సైజు మన ఇష్టం. నలభై దాటాక ఏడాదికో మెట్టు చొప్పున పెంచుకుంటూ వచ్చాను, ఎవరికీ చెప్పకుండా. కొత్తదానిలో మెయిల్ తెరిస్తే లోపలి ఉత్తరం ఎంత పెద్దది కావాలంటే అంత అవుతుంది. కానీ తెరకి ఎడమ పక్కన ఒక జాబితా ఉంటుంది. ఎవరు పంపారు, ఏ ఓడ, ఏం కావాలి అని వరుసగా. ఆ జాబితా మాత్రం పెరగదు. తెల్లటి తెర మీద బూడిద రంగు అక్షరాలు, చీమల బారులాగా. మాకు ప్రాణం ఆ జాబితాలోనే ఉంటుంది. ఎందుకంటే కెప్టెన్లకి ఒక అలవాటు. చెప్పవలసిందంతా సబ్జెక్టు లైన్లోనే కుక్కేస్తారు. ఓడ పేరు, పడవ ఎన్నింటికి రావాలి, ఏం తేవాలి, అన్నీ అందులోనే. తెరిచి చూస్తే లోపల "పైన రాసిన ప్రకారం చేయగలరు" అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ పైన రాసినదేమో తెరిచినా అదే చీమల సైజు.

రెండో రోజున ప్రోగ్రాం వాళ్ళకి ఫోన్ చేశాను. మధురవాడలో వాళ్ళ ఆఫీసు. ఒక అమ్మాయి ఎత్తింది.

"మేడం, లోపలి మేటర్ అయితే జూమ్ అవుతాదండి. లిస్టు మాత్రం ఫిక్సుడండి."

"ఫిక్సుడంటే?"

"అదంతేనండి. డిజైను అలాగొచ్చింది. మార్చడానికి ఆప్షన్ లేదు."

"మరి కనబడనివాళ్ళు ఏం చెయ్యాలమ్మా?"

"మీకు కనబడట్లేదా మేడం?" అంది. ఆ గొంతులో జాలి నాకు చురుక్కుమంది.

"నాకు కాదు. మా ఆఫీసులో కొంచెం పెద్దవాళ్ళున్నారు," అన్నాను.

తర్వాత నాకు తోచినవన్నీ చేశాను. మొత్తం తెరని పెద్దది చేస్తే, పోర్టు వెబ్‌సైటులో కింద ఉండే బటన్ తెర దాటి ఎక్కడికో వెళ్ళిపోయింది. కంప్యూటర్లో ఉండే భూతద్దం పెట్టి చూస్తే ఒకసారికి మూడు మాటలు కనబడేవి. నాలుగో మాటకి వెళ్ళేసరికి మొదటిది మరిచిపోయేదాన్ని. ఇంట్లో పేపరు చదివే కళ్ళజోడు ఒకటి ఉంది. అది పెట్టుకుంటే తెర మీదికి వంగిపోవాలి. వంగితే అందరూ చూస్తారు. చివరికి వాళ్ళ వెబ్‌సైటులో ఒక ఫారం నింపి, జాబితా అక్షరాలు పెంచుకునే వీలు ఇవ్వమని మర్యాదగా రాశాను. పదిరోజులైనా జవాబు రాలేదు.

వచ్చిందని నా పక్క సీటావిడ చెప్పింది.

"ఏటే, నీకు ఆ ప్రోగ్రామోళ్ళ దగ్గర్నుంచి మెయిలొచ్చి వారమయింది కదా, తెరవలేదేటి?" అని, కళ్ళజోడు జుట్టు మీదికి తోసుకుని, నా తెర మీదికి వంగి, బియ్యంలో రాళ్ళేరినట్టు టకటకా చదివేసింది. "మీ సూచనకి ధన్యవాదాలు. ప్రస్తుతానికి ఆ వీలు లేదు. అంతే రాసారు. ఏటి సూచన ఇచ్చావే నువ్వు?"

"ఏదోలే," అన్నాను. నా చెవులు వేడెక్కిపోయాయి.

ఆమె గురించి చెప్పాలి. డిగ్రీలో మేమిద్దరం ఒకే బెంచీ. ఆమెకి చిన్నప్పటి నుంచీ హ్రస్వదృష్టి. కళ్ళజోడు అద్దాలు సీసా అడుగుల్లాగ ఉండేవి. మొదటి వరుసలో కూర్చున్నా బోర్డు కనబడేది కాదు. నేను చదివి చెప్తే రాసుకునేది. నాకేమో ఊళ్ళో అందరూ మెచ్చుకునే కళ్ళు. పెద్ద కళ్ళు అని ఒకటి, చూపు అని ఇంకొకటి. సాయంత్రాలు బీచి రోడ్డు గోడ మీద కూర్చుంటే దూరంగా ఓడలు నిలబడి ఉండేవి. వాటి పక్కన రాసిన పేర్లు నేను చదివేదాన్ని. ఆమె కళ్ళు చికిలించి, "నాకు మబ్బులాగే ఉందే," అనేది. ఒక్కోసారి ఓడ వంపు తిరిగి పేరు కనబడకపోయినా, నోటికొచ్చిన పేరు చెప్పేదాన్ని. ఆమె నమ్మేది. ఆ నమ్మడం నాకు ఎంతో బాగుండేది.

డిగ్రీ అయ్యాక ఆమె రైల్వే పరీక్ష రాసి పాసయింది. ఆ ఉద్యోగం వస్తే వాళ్ళిల్లు నిలబడుతుంది. తీరా మెడికల్లో కళ్ళ దగ్గర తీసేశారు. ఆ రోజు నేనే తోడు వెళ్ళాను. ఆస్పత్రి మెట్ల మీద కళ్ళజోడు తీసేసి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చుని, భుజం చుట్టూ చెయ్యేసి, ఇంకో ఉద్యోగం రాదా, ఊరుకోవే అన్నాను. నిజం చెప్పాలంటే, ఆ పరీక్ష నేనూ రాశాను. తప్పాను. ఆమెకి రానందుకు నా లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. ఇది ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

తర్వాత నాకు ఈ ఏజెన్సీలో ఉద్యోగం వచ్చింది. ఆరేళ్ళ తర్వాత ఖాళీ పడితే నేనే ఆమెని తీసుకొచ్చాను. తీసుకొచ్చిన సంగతి ఆమె ఎప్పుడూ మరిచిపోలేదు. నేనూ మరిచిపోనివ్వలేదు.

ఇలా ఉండగా వయసు మామీద పడింది. అందరికీ పోయినట్టే నాకు దగ్గరచూపు పోయింది. కానీ హ్రస్వదృష్టి ఉన్నవాళ్ళకి ఒక వరం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. కళ్ళజోడు తీసేస్తే చాలు, దగ్గరవి అద్దంలాగ కనబడతాయి. ఆమె యాభై ఒకటో ఏట, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని, మందుబిళ్ళల అట్ట వెనక రాసింది కూడా చదివేస్తుంది. ఆ ప్రోగ్రాం వాళ్ళు ఆమె కోసమే ఆ జాబితా తయారు చేశారేమో అనిపించేది నాకు.

నెల తిరక్కుండా మేనేజరు అది కనిపెట్టాడు. మాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, ఎప్పుడూ హడావిడే. "మేడం, పొద్దున్నే జాబితా మీరు చూసి, ఎవరి పని వాళ్ళకి చెప్పెయ్యండి. మీరైతే ఒక్కటీ వదలరు," అని ఆమెకి చెప్పాడు. సీనియర్ని నేను. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడను కూడా లేదు.

ఆ రోజు నుంచి పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆమె నా పక్కన నిలబడి, "నీకు ఇవాళ మూడున్నాయే," అని ఓడల పేర్లు చదివేది. నాకు కనబడదని ఆమెకి అర్థమైపోయింది. అందుకే అడక్కుండానే చదివేది, అదీ గట్టిగా. ఆమెకి మెల్లగా మాట్లాడటం రాదు. ఆఫీసంతా వినేది. ఆమె మంచికే చేస్తోందని తెలుసు. తెలిసిన కొద్దీ ఒళ్ళు మండేది.

అసూయ ఎంత చిల్లర పనులు చేయిస్తుందో అప్పుడు చూశాను. ఆమె కొత్త చీర కట్టుకొస్తే చూడనట్టు ఉండేదాన్ని. క్యాంటీనులో అకౌంట్స్ ఆవిడతో, "అంత పవరున్న కళ్ళకి లోపల పొర ఊడిపోతుందట, ఎప్పుడో ఒకప్పుడు," అన్నాను, జాలిగా ఉన్నట్టు మొహం పెట్టి. ఇంటికెళ్ళి మా ఆయనతో ప్రోగ్రాం వాళ్ళని తిట్టేదాన్ని. ఆయన స్టీలు ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చి, అన్నం ముందు కూర్చుని, ఒకే మాట అనేవారు.

"డాక్టరు దగ్గరికెళ్ళి కళ్ళజోడు రాయించుకో. అయిపోద్ది. దానికి ఇంత గొడవేటి?"

"తప్పు వాళ్ళదైతే నేనెందుకు రాయించుకోవాలి?" అనేదాన్ని.

ఆయన నవ్వేసి పెరుగు కలుపుకునేవారు.

ఏప్రిల్లో ఒక రోజు. ఆమె కాగితాలు పట్టుకుని కస్టమ్స్ ఆఫీసుకి వెళ్ళింది. పదకొండింటికి నా తెర మీద కొత్త మెయిల్ పడింది. బయట లంగరేసి ఉన్న ఒక ఓడ నుంచి. ఆమె వచ్చేదాకా ఆగవచ్చు. కెప్టెన్‌కి ఫోన్ చేసి అడగవచ్చు. కానీ ఎవరి సాయం లేకుండా చదవాలని పంతం పట్టింది నాకు. అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించడం లేదనుకున్నాక, తెర మీదికి వంగాను. కూరగాయలు, పాలు, పెరుగు పడవలో పంపమని. టైము 1300. మధ్యాహ్నం ఒంటిగంట. చదవగలిగానని ఎంత సంతోషం వేసిందో! వెంటనే మా పడవ నడిపే ఆయనకి ఫోన్ చేశాను. జాలరి కుటుంబం ఆయనది. తమ్ముళ్ళు ఇప్పటికీ వేటకెళ్తారు. ఆయన మాత్రం మర పడవ కొని ఏజెన్సీలకి తిప్పుతాడు. పన్నెండుకల్లా సరుకు ఎక్కించుకుని బయలుదేరాడు.

ఒంటిగంటన్నరకి ఆయన ఫోన్ చేశాడు. అవతల గాలి హోరు.

"అమ్మగారూ, ఓడ దగ్గిరికి రావొద్దంటన్నారండి. ఆయిలు ఎక్కిత్తన్నారంట. సాయంత్రం ఆరింటికి రమ్మన్నాం గదా అంటన్నారు. ఏటి సెయ్యమంటారు? ఎండ సూత్తే మాడిపోతన్నాది. మళ్ళీ ఎనక్కెల్లొత్తే ఆరింటికి పడవకి పరిమిసను దొరకదండి."

ఆ గొంతు పక్కన నిలబడ్డ మేనేజరుకి కూడా వినబడింది. ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, అక్కడే ఉండమని చెప్పి పెట్టేశాడు. సరిగ్గా అప్పుడే నా స్నేహితురాలు కస్టమ్స్ నుంచి చెమటలు కక్కుతూ లోపలికి వచ్చింది.

జాబితా చదివేది ఆమే కదా. అందుకని ఆయన ఏమీ అడగకుండా ఆమె మీద పడ్డాడు. "ఏంటి మేడం ఇది? పద్దెనిమిది వందలని రాస్తే పదమూడని చెప్తారా? అంత మందం అద్దాలు పెట్టుకుని కూడా మూడుకీ ఎనిమిదికీ తేడా తెలీదా?"

ఆమెకి ఏమీ అర్థం కాలేదు. తన సీటు దగ్గరికెళ్ళి, కళ్ళజోడు పైకి తోసి, తెర చూసింది. మెయిల్ వచ్చిన టైము చూసింది. అప్పుడు తను ఆఫీసులోనే లేదు. తర్వాత నా వైపు చూసింది.

నేను చెప్పవలసింది అప్పుడే. చెప్పలేదు. పైగా, ఆ అద్దాల మాట ఆయన అన్నప్పుడు, ఒక్క క్షణం, ఆ మెట్ల మీద అనిపించినట్టే చల్లగా అనిపించింది. ఆ వెంటనే నా మీద నాకే రోత పుట్టింది. అయినా చేతిలో ఉన్న ఫైలుకి ముడి విప్పడం, వెయ్యడం చేస్తూ కూర్చున్నాను.

ఆమె మేనేజరుకి జవాబివ్వలేదు. ఫోన్ తీసుకుని పడవ ఆయనతో మాట్లాడింది. ఎండ తగలకుండా దగ్గర్లో ఇంకో ఓడ నీడ ఎక్కడ దొరుకుతుందో కనుక్కుంది. సరుకు మీద తడిగోనెలు కప్పమంది. కెప్టెన్‌కి మెయిల్ రాసి, వీలైతే అరగంట ముందు సరుకు తీసుకోమని అడిగింది. ఆయన ఐదున్నరకి తీసుకున్నాడు. ఆకుకూరలు వాడిపోయాయి, పాలు కొన్ని విరిగాయి. అంతకు మించి ఏమీ కాలేదు.

మా ఇద్దరి మధ్య మాత్రం అయింది. మర్నాటి నుంచి ఆమె నా పక్కన నిలబడి చదవడం మానేసింది. నాకు వచ్చిన పనులు ఒక కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి నా టేబుల్ మీద పెట్టేది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తీసుకుని అకౌంట్స్ వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయేది. ఆ కాగితం చూస్తే ఏడుపొచ్చేది. అంత స్పష్టంగా కనబడే అక్షరాలు ఆ ఆఫీసులో నాకు అవొక్కటే.

ఐదో రోజు మేనేజరు గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"ఆ రోజు మెయిల్ చూసింది నేనండి. ఆవిడ కాదు. నాకు ఆ జాబితా కనబడదు. మొదటి రోజు నుంచీ కనబడటం లేదు," అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు మేడం?"

"సిగ్గేసిందండి."

కాసేపటికి ఆయన బయటికొచ్చి, ఆమె టేబుల్ దగ్గర నిలబడి ఏదో గొణిగాడు. తర్వాత ఆమెకి టీ చెప్పించాడు. ఆయన చేతనైన క్షమాపణ అంతే అనుకుంటాను.

ఆ సాయంత్రం బస్టాపు దాకా ఆమె వెనకాలే నడిచాను. లారీల దుమ్ము, బొగ్గు నుసి. ఆమె ఆగింది.

"నాను సెప్పీసానే, మేనేజరుకి," అన్నాను.

"తెలుసు. టీ వచ్చినాది కదా."

"ఆ రోజు నువ్వెందుకు నోరు మూసుకున్నావే? తప్పు నాది కాదని ఒక్క మాట అనీయొచ్చు కదా," అని అడిగాను.

"నువ్వు సెప్తావేమోనని సూసాను. సాయంత్రం దాకా సూసాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "తర్వాత నాకూ కోపం వచ్చీసింది. ఇది సెప్పదులే అనుకున్నాను. ఆ రైల్వే మెడికల్ రోజు గుర్తుందా నీకు?"

నేను తల ఊపాను.

"నాను అద్దాలు తీసీసి ఏడుస్తన్నాను. నువ్వు నన్ను పట్టుకుని ఊరుకోవే అంటన్నావు. అద్దాల్లేకపోతే నాకేటీ కనబడదనుకున్నావు. దూరంవే కనబడవే నాకు. నీ మొహం జానెడు దూరంలో ఉంది. బాగానే కనబడ్డాది."

ముప్పై ఏళ్ళు. ఆమెకి ముప్పై ఏళ్ళుగా తెలుసు. తెలిసే నా పక్క సీట్లోకి వచ్చింది, తెలిసే నాతో డబ్బా పంచుకుంది.

"మరి నాతో ఎలా ఉన్నావే ఇన్నాళ్ళూ?" అన్నాను.

"నీ కళ్ళంటే నాకు తక్కువ కుళ్ళా ఏటి? నీకు కళ్ళకలక వస్తే మొక్కుకున్నాను ఒకసారి, ఇంకో వారం ఉండాలని." నవ్విందో లేదో చీకట్లో తెలియలేదు. "పద, నీ బస్సొస్తన్నాది."

మా బస్సులు వేరు. నాది గాజువాక వైపు, ఆమెది ఇంకో వైపు. ఆ రోజు నా బస్సు వదిలేశాను. ఆమెది వచ్చేదాకా నిలబడ్డాను.

ఆదివారం పొద్దున్న ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి పడవ ఆయనకి కూడా చెప్పాను. ఆయన డెక్కు కడుగుతూ, పైపు ఆపకుండానే విన్నాడు.

"అయ్యో అమ్మగారూ, ఐదుగంటలేటండి. ఏటకెల్లినప్పుడు మూడేసి రోజులు అలాగే ఉండిపోయీవోలం. కొత్తిమీరే సచ్చిపోనాది పాపం. ఆ ఓడ వంటోడు నన్ను తెగ తిట్టినాడండి. ఆడి బాస నాకు రాదు గాబట్టి బతికిపోనాను," అన్నాడు.

కళ్ళజోడు ఓల్డ్ టౌన్లో చేయించాను. మూడు తరాలుగా అదే పని చేస్తున్న సాయిబు గారి చిన్న దుకాణం. డాక్టరు రాసిచ్చిన నా చీటీ చూసి, "కంప్యూటర్ మీకు ఎంత దూరమమ్మా?" అని అడిగారు. తెలియదన్నాను. "పేపరు చదివే అద్దం తెరకి పనికిరాదు. కన్ను నుంచి తెర దాకా కొలిచి తీసుకురండి. దానికి తగ్గట్టు చేస్తాను," అన్నారు. మర్నాడు ఆఫీసులో ఫైళ్ళు కట్టే దారంతో నా స్నేహితురాలే కొలిచింది. దారం ఒక కొస నా కణతకి ఆనించి, రెండో కొస తెర దాకా లాగి, అక్కడ ముడేసింది. "కదలకే, చిన్నపిల్లలాగ ఏటి?" అని కసిరింది. ఆ దారం పట్టుకెళ్ళి ఇస్తే సాయిబు గారు స్కేలు మీద పరిచి చూసి, బాగా కొలిచారన్నారు.

ఆ జాబితా ఇప్పటికీ అంతే ఉంది. మేనేజరు తన పేరు మీద ఇంకో ఉత్తరం రాశాడు. మీ సూచనకి ధన్యవాదాలని మళ్ళీ వచ్చింది. ఈసారి నేనే చదివాను. కళ్ళజోడుతో చదవగలను కానీ ఆమె అంత వేగంగా కాదు. ఆమె పది చదివేసరికి నావి నాలుగవుతాయి. సాయంత్రానికి తలనొప్పి వస్తుంది.

జూన్లో ఆమెని సెక్షన్ ఇన్‌చార్జిని చేశారు. ఆ ఉత్తరం వచ్చిన రోజు అందరూ చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అందరూ వెళ్ళిపోయాక ఆమె నా కుర్చీ పక్కకి తన కుర్చీ లాక్కుంది.

"కుళ్ళుగా ఉందేటే?"

"కొంచెం."

"నిజం సెప్పు."

"బాగానే ఉంది, కుళ్ళు."

ఆమె తల ఊపింది. తన డబ్బాలోంచి మిగిలిన రెండు గారెలు నా మూత మీద పెట్టింది.

"సరే గానీ, రేపు పొద్దున్న కాస్త తొందరగా రా. రెండు ఓడలొస్తన్నాయి. ఒకదానికి పద్దెనిమిది మంది దిగుతారు, కాగితాలన్నీ నువ్వే సెయ్యాలి," అంది.